మాకూ ఒక టైమ్‌టేబుల్ కావాలి: తిరుపతి, చిత్తూరు సీనియర్ లివింగ్ కమ్యూనిటీల యాజమాన్యాలకు బహిరంగ లేఖ

తిరుపతి, చిత్తూరు పరిసరాల్లో సీనియర్ లివింగ్ కమ్యూనిటీలు నడుపుతున్న యాజమాన్యాలకు, మేనేజర్లకు నమస్కారం.

నేను అలాంటి ఒక కమ్యూనిటీలోనే ఉంటున్నాను. గవర్నమెంటు హైస్కూల్లో సైన్స్ చెప్పి రిటైరయ్యాను. మా మేనేజర్ గారికి ఒక్కరికే రాసి ఊరుకునేదాన్ని. కానీ వేరే చోట్ల ఉంటున్న స్నేహితులతో మాట్లాడితే అన్నిచోట్లా వరస దాదాపు ఇదే అని తెలిసింది. అందుకే అందరికీ కలిపి రాస్తున్నాను. అడగదలచుకున్నది ఒక్కటే. వారానికి ఒక్కటైనా సరే, నెలల తరబడి వరసగా సాగే పాఠం మాకు పెట్టండి. ఆ పాఠంలో చెప్పుకున్న చోటికి మమ్మల్ని తీసుకెళ్లి చూపించండి. ఏం నేర్చుకోవాలన్నది మమ్మల్నే అడగండి.

మీరు చేస్తున్న పనిని తక్కువ చేయడానికి ఈ ఉత్తరం రాయడం లేదు. వేళకు భోజనం వస్తుంది. బీపీ, షుగరు చూస్తారు. రాత్రి రెండు గంటలకు బెల్లు నొక్కినా సిస్టర్ పరుగెత్తుకొస్తుంది. మా పిల్లలు బెంగళూరులోనో అమెరికాలోనో టెన్షన్ లేకుండా నిద్రపోతున్నారంటే అది మీ సిబ్బంది చలవే. అయితే మా నోటీసు బోర్డు ఒకసారి చూడండి. పొద్దున యోగా, శనివారం భజన, పండగకు ముగ్గుల పోటీ, మధ్యలో తంబోలా, అప్పుడప్పుడు హెల్త్ క్యాంపు. టూరు అంటే గుడి. భజన నాకూ ఇష్టమే, గుడికి వెళ్లడమూ ఇష్టమే. కానీ ఇవన్నీ ఏ రోజుకారోజు అయిపోయేవి. హాల్లోంచి గదికి వచ్చాక ఆలోచించుకోవడానికి ఏమీ ఉండదు. రేపు అడుగుదామని ఒక సందేహం ఉండదు, వచ్చే వారానికి చదువుకోవాల్సిన పేజీ ఉండదు. అరవై, డెబ్భై ఏళ్లు పనిచేసిన బుర్రకు ఉన్నట్టుండి పని లేకుండా పోతే ఎలా ఉంటుందో మా వయసు వస్తే గానీ తెలియదు.

ఒక సంగతి చెబుతాను. ఆ మధ్య శ్రీకాళహస్తి నుంచి కలంకారీ వేసే ఒక అబ్బాయిని మా దగ్గరికి పిలిచారు. ప్రోగ్రాం గంటసేపు. ఆ అబ్బాయి కరక్కాయ పొడి, పాలు కలిపి నానబెట్టి ఆరబెట్టిన గుడ్డ ఒకటి, తన కలం ఒకటి తెచ్చాడు. కలం అంటే చెక్కిన వెదురు పుల్ల. మొన దగ్గర చిన్న గుడ్డ ఉండ చుట్టి దారంతో బిగించి ఉంటుంది. దాన్ని రంగులో ముంచి, వేళ్లతో ఆ ఉండను మెల్లగా నొక్కుతుంటే మొనలోంచి రంగు సన్నగా దిగుతుంది. నల్లరంగుకు తుప్పుపట్టిన ఇనుము, బెల్లం నీళ్లలో వేసి రోజుల తరబడి ఊరబెడతారు. దాంతో గీసిన గీత మొదట లేతగా ఉండి, గుడ్డలోని కరక్కాయ తగిలి మా కళ్ల ముందే నల్లబడింది. ఇనుము, కరక్కాయలోని టానిన్ కలిసి నల్లటి పదార్థం అవుతాయి. బళ్లో నేను పరీక్షనాళికలో చూపించిన రసాయన చర్యే అది.

మా బ్లాకులో విద్యుత్ శాఖలో లైన్‌మ్యాన్‌గా చేసి రిటైరైన పెద్దాయన ఒకరున్నారు. మాటలు తక్కువ, హాల్లోకి రావడమే అరుదు. ఆ రోజు కలం అడిగి తీసుకున్నారు. మొదటి గీత వణికింది. రెండోది కాస్త నిలిచింది. ఆ అబ్బాయి "పట్టు వదలకండి నాయనా, వేలితో కాదు, మోచేతితో లాగండి" అని చెప్పాడు. ఆయన ఒక ఆకు వేశారు, దాని పక్కన ఇంకొకటి. అంతలో టైమైపోయింది. గ్రూప్ ఫోటో తీశారు, టీ ఇచ్చారు. సాయంత్రం ఆయన నా దగ్గరకొచ్చి "ఏం టీచరమ్మా, వచ్చే వారం కూడా వస్తాడా ఆ పిల్లోడు?" అని అడిగారు. రాలేదు. తర్వాతి వారం ఇంకేదో ప్రోగ్రాం పెట్టారు.

నేను అడుగుతున్నది ఆ రెండో వారం గురించే. కలంకారీలో గుడ్డను సిద్ధం చేయడం, నల్లగీత, పటిక పూయడం, ఎరుపు ఉడకబెట్టడం, ఉతకడం, పసుపు, నీలం అన్నీ వరసగా జరగాలి. ఒక గుడ్డ పూర్తయ్యేలోగా ఎన్నోసార్లు ఉతికి ఆరేస్తారు. అందుకు పారే నీళ్లు కావాలి కనకనే ఈ కళ స్వర్ణముఖి ఒడ్డున పెరిగింది. ఇదంతా గంటలో చూపించేది కాదు. పది పన్నెండు వారాల కోర్సు పెట్టి, చివర్లో శ్రీకాళహస్తి వెళ్లి కళాకారుల ఇళ్ల దగ్గర ఆ గుడ్డలు ఆరేసి ఉండగా చూస్తే అప్పుడు అది చదువవుతుంది. ఇప్పుడు మేం శ్రీకాళహస్తి వెళ్తున్నాం, దర్శనం చేసుకుని ప్రసాదం తిని తిరిగొస్తున్నాం. అవే వీధుల పక్కనుంచి బస్సు పోతుంది.

తిరుపతిలో ఉండి చదువు అడగడానికి మేం మొహమాటపడాల్సిన పనిలేదు. 1954లో వెంకటేశ్వర విశ్వవిద్యాలయం వచ్చింది, 1983లో పద్మావతి మహిళా విశ్వవిద్యాలయం. సంస్కృతానికి ఒక జాతీయ విశ్వవిద్యాలయమే ఉంది. పశువైద్యానికి, వ్యవసాయానికి, సంగీత నృత్యాలకు కాలేజీలున్నాయి. ఏర్పేడు దగ్గర ఐఐటీ, ఐసర్ రెండూ ఉన్నాయి. ఇన్ని విద్యాసంస్థలు ఇంత దగ్గర దగ్గరగా ఉన్న ఊళ్లు మన రాష్ట్రంలో ఎన్ని ఉన్నాయి? వాటిల్లో పాఠాలు చెప్పి రిటైరైన ప్రొఫెసర్లు ఇదే ఊళ్లో ఉంటున్నారు. కొందరు మన కమ్యూనిటీల్లోనే ఉన్నారు. పిలిస్తే వస్తారు, ఆటో ఛార్జీ ఇచ్చి గౌరవంగా చూసుకుంటే చాలంటారు. పిలిచేవాళ్లు కావాలి.

అన్నమయ్య కీర్తనలే తీసుకోండి. ప్రతి శనివారం పాడుతున్నాం. సగం మాటలకు మాకు అర్థం తెలియదు. పదిహేనో శతాబ్దపు తెలుగు అది, అందులో మన రాయలసీమ పలుకుబడి ఎంతో ఉంది. ఆ కీర్తనలు రాగిరేకుల మీద చెక్కి తిరుమల గుడిలో ఒక అరలో వందల ఏళ్లు ఉండిపోయాయి. అవి బయటపడ్డాక ఒక్కో రేకూ చదివి, అచ్చు వేయించిన పండితుల్లో వేటూరి ప్రభాకరశాస్త్రి గారు, రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ గారు ఈ తిరుపతిలోనే కూర్చుని ఆ పని చేశారు. వారానికి ఒక కీర్తన తీసుకుని, మాట మాటకూ అర్థం చెప్పించి, ఆ తర్వాత పాడుకుంటే ఎంత బాగుంటుంది! భజన మానమనడం లేదు, దానికి ముందు ఒక అరగంట పాఠం కలపమంటున్నాను.

చెప్పేవాళ్ల కోసం బయటే వెతకనక్కర్లేదు. మా డైనింగ్ హాల్లో ఒక టేబుల్ దగ్గర పలమనేరు వైపు పట్టుపురుగులు పెంచిన ఆవిడ కూర్చుంటారు. మల్బరీ ఆకు ఎప్పుడు కోయాలో, పురుగు నిద్ర లేచిందని ఎలా గుర్తుపట్టాలో ఆవిడ చెబితే వినాలి. ఇంకొకరు షుగర్ ఫ్యాక్టరీలో కెమిస్టు. ఇంకొకావిడ ఆపరేషన్ థియేటర్ నర్సు. తాతయ్యగుంట గంగమ్మ జాతరలో చిన్నప్పటి నుంచీ వేషాలు కట్టిన పెద్దాయన ఉన్నారు. బైరాగి వేషం ఏ రోజు, మాతంగి వేషం ఏ రోజు, ఒంటికి ఏం పూసుకుంటారు, ఎవరింటి ముందు ఆగుతారు అని అడిగితే కళ్లు మెరుస్తాయి. వీళ్లు మీ రిజిస్టర్లో గది నంబర్లు, మందుల చీటీలు. వాళ్లకేం తెలుసో అడిగి రాసుకునే కాలమ్ ఒకటి మీ అడ్మిషన్ ఫారంలో చేర్చండి. ఖర్చు లేని పని అది.

ఇక ఆడవాళ్ల సంగతి. ఇది నేను నొక్కి చెప్పాలనుకుంటున్నాను. మా తరంలో చాలామంది ఆడపిల్లల చదువు అయిదో తరగతితోనో, పెళ్లితోనో ఆగిపోయింది. తమ్ముళ్లు కాలేజీకి పోతే వీళ్లు క్యారియర్లు కట్టారు. ఆ తర్వాత మొగుడు, పిల్లలు, అత్తమామల సేవ, మనవళ్ల పెంపకం. ఇప్పుడు డెబ్భై ఎనిమిదో ఏట, మొదటిసారి ఎవరికీ వండిపెట్టాల్సిన పనిలేని తీరిక దొరికింది. మా బ్లాకులో అలాంటి ఒక అక్క మాత్రల స్ట్రిప్పు మీదున్న ఇంగ్లీషు అక్షరాలు నా చేత చదివించుకుంటూ, ఒక రోజు "ఇవి నేనే చదువుకోగలనా?" అని అడిగింది. నేర్పుతున్నాను. క్యాపిటల్ లెటర్లు వచ్చేశాయి. కేరళలో కార్త్యాయని అమ్మ అనే ఆవిడ 96 ఏళ్ల వయసులో 2018లో ప్రభుత్వ అక్షరాస్యత పరీక్ష రాసి నూటికి 98 మార్కులు తెచ్చుకున్నారు. ఆవిడకు ఊళ్లో నేర్పేవాళ్లు, పరీక్ష పెట్టేవాళ్లు ఉన్నారు. మనకు నేర్పే టీచర్లకూ కొదవలేదు, కూర్చునే హాలూ ఉంది.

ఫోన్ క్లాసు గురించి కూడా చెప్పాలి. ఒకసారి ఎవరో వాలంటీర్లు వచ్చి పెద్ద తెర మీద స్లైడ్లు వేసి గబగబా చెప్పి వెళ్లారు. ఎవరికీ ఏమీ అందలేదు. ఫోన్ నేర్పాలంటే ఎవరి ఫోను వాళ్ల చేతిలో ఉండాలి, పక్కన ఒక మనిషి కూర్చోవాలి, ఒక రోజు ఒకటే నేర్పాలి. వీడియో కాల్ ఒక వారం, డబ్బు పంపడం ఒక వారం. డిజిటల్ అరెస్ట్ అని పోలీసు డ్రెస్సులో వీడియో కాల్ చేసి బెదిరించే మోసానికి ఒక వారం పూర్తిగా ఇవ్వాలి. మన చట్టంలో అలాంటి అరెస్టే లేదని, ఫోన్ పెట్టేయొచ్చని, డబ్బు పోతే వెంటనే 1930కి ఫోన్ చేయాలని నాటకం వేసి మరీ ప్రాక్టీసు చేయించాలి. ఒంటరిగా ఉన్న పెద్దవాళ్లనే ఈ దొంగలు వెతుక్కుంటున్నారు.

టూర్ల దగ్గరికొస్తాను. మా చంద్రగిరి టూరు గురించి చెబుతాను. బస్సు దిగాం, రాజమహల్ ముందు ఫోటో దిగాం, మోకాళ్లు బాగున్నవాళ్లు మ్యూజియంలో ఒక చుట్టు తిరిగొచ్చారు, "లేటవుతోంది, ఎక్కండి ఎక్కండి" అన్నారు. వెళ్లేముందు వారం మాకు ఒక్క పాఠం చెప్పి ఉంటే ఏం చూసేవాళ్లమో ఆలోచించండి. తళ్లికోట యుద్ధం తర్వాత విజయనగర రాజులు పెనుకొండకు, అక్కడి నుంచి చంద్రగిరికి ఎందుకు జరిగారు? ఆ మూడంతస్తుల రాజమహల్ కట్టడంలో కొయ్య వాడలేదు, అంతా రాయి, ఇటుక, సున్నమే. మరి అంతంత కప్పులు ఎలా నిలబడ్డాయి? ఈ ప్రశ్నలతో వెళ్తే తల పైకెత్తి చూస్తాం. అన్నట్టు, ఆ మ్యూజియానికి శుక్రవారం సెలవు, టూరు వేసేవాళ్లు అది చూసుకోవాలి.

గుడిమల్లం సుమారు ముప్పై కిలోమీటర్లు. అక్కడి పరశురామేశ్వరుడి లింగం మీద చెక్కిన శివుడి రూపం మన దేశంలో ఇప్పటిదాకా దొరికినవాటిలో చాలా పాతది. క్రీస్తు పూర్వం నాటిదని చాలామంది పండితులు అంటారు, ఏ శతాబ్దమన్న దానిమీద వాళ్లకే ఏకాభిప్రాయం లేదు. చేతిలో పొట్టేలు, భుజాన గొడ్డలి, కాళ్ల కింద ఒక మరుగుజ్జు. గర్భగుడి ముందరి మండపం కన్నా పల్లంలో ఉంటుంది, విమానం ఏనుగు వెనుక భాగంలా గుండ్రంగా ఉంటుంది. దణ్ణం పెట్టుకునేవాళ్లు పెట్టుకుంటారు, దాంతోపాటు శిల్పాన్ని చూసి ఇది అంత పాతదని ఎలా లెక్కగట్టారు అని ఒక గంట వాదించుకోవచ్చు.

చిత్తూరు దారిలో గాదంకి ఉంది. అక్కడి జాతీయ వాతావరణ పరిశోధనా ప్రయోగశాలలో 1024 యాంటెన్నాలు ఒకే మైదానంలో వరసలుగా నిలబెట్టిన రాడార్ ఉంది. మన నెత్తి మీది గాలి ఏ ఎత్తులో ఎటు కదులుతోందో అది కనిపెడుతుంది. ముందుగా ఉత్తరం రాసి అనుమతి అడగాలి. వానాకాలం ముందు రుతుపవనాల మీద రెండు మూడు పాఠాలు చెప్పించి తీసుకెళ్తే, జీవితమంతా మబ్బు వైపు చూసి వేరుశనగ వేసిన రైతులు మా దగ్గర ఉన్నారు, వాళ్లు అడిగే ప్రశ్నలకు శాస్త్రవేత్తలు కూడా సంతోషిస్తారు. చలికాలంలో నేలపట్టు పక్షుల కేంద్రానికి వెళ్లాలి. నీళ్లలో నిలిచిన చెట్ల నిండా గూడబాతులు గూళ్లు కట్టుకుని ఉంటాయి, కదలకుండా కూర్చుని చూడొచ్చు. నడవలేనివాళ్లకు ఇంతకన్నా మంచి టూరు లేదు. అంత దూరం కూడా వద్దంటే తిరుమల ఘాట్ రోడ్డే ఉంది. కింద గ్రానైట్ రాయి, దాని మీద పొరలు పొరలుగా క్వార్ట్‌జైట్, ఆ రెండింటి వయసుకు మధ్య కోట్లాది ఏళ్ల తేడా. భూగర్భ శాస్త్రవేత్తలు జాతీయ స్మారకంగా గుర్తించిన చోటు అది. పైన శిలాతోరణం సరేసరి. మనం ఎన్నిసార్లో కొండెక్కాం, ఆ రాళ్లేమిటో చెప్పినవాళ్లు లేరు.

మీరు చెప్పే అభ్యంతరాలు నాకు తెలుసు. పడిపోతే ఎవరిది బాధ్యత అంటారు. ఈ భయం న్యాయమైనదే, దానికి ఏర్పాట్లే జవాబు. బస్సు మెట్టు ఎత్తుగా ఉంటే కింద ఒక స్టూలు, ఇద్దరు అటెండర్లు, ఒక సిస్టర్, రెండు చక్రాల కుర్చీలు, గంటన్నరకు ఒకసారి శుభ్రమైన టాయిలెట్. టాయిలెట్ ఎక్కడుందో ముందుగా ఒకరు వెళ్లి చూసి రావాలి. ఆడవాళ్లు టూరుకు రామనడానికి సగం కారణం అదే, పైకి చెప్పరు. పొద్దున నీళ్లు తాగకుండా, బీపీ మాత్ర వేసుకోకుండా బయల్దేరేవాళ్లున్నారు. అది పడిపోవడం కన్నా ప్రమాదం.

పిల్లల పర్మిషన్ కావాలంటారు. ఇది మాత్రం నాకు నచ్చదు. మతి స్థిమితంగా ఉన్న మనిషి తన టూరుకు తానే సంతకం పెట్టాలి. నా కొడుక్కి వాట్సాప్‌లో కబురు పెట్టండి, సంతోషిస్తాడు. అనుమతి మాత్రం నన్నడగండి.

ఎవరూ రారు అంటారు. మధ్యాహ్నం రెండింటికి పెడితే రారు, నిద్రవేళ. టిఫిన్, మాత్రలు అయ్యాక పదిన్నరకు పెట్టండి. మైకు పెట్టండి. ఫ్యాన్ల చప్పుడులో, గోడవైపు తిరిగి చెప్పే మాట మూడో వరసకు వినపడదు. వినపడని మనిషి రెండు సార్లు వస్తాడు, మూడోసారి రాడు. మీరేమో ఆసక్తి లేదని రాసుకుంటారు. కాగితాలు పెద్ద అక్షరాల్లో ప్రింటు తీయించండి. మతిమరుపు జబ్బు మీద 2024లో లాన్సెట్ అనే వైద్య పత్రిక వేసిన కమిషన్ ఇచ్చిన నివేదికలో సరిదిద్దుకోగల కారణాలు 14 లెక్కపెట్టారు. వాటన్నిటినీ చూసుకుంటే దాదాపు 45 శాతం కేసులను ఆపడమో, వాయిదా వేయడమో సాధ్యమని అంచనా. వినికిడి లోపం, సరిచేయించని చూపు, ఒంటరితనం మూడూ ఆ జాబితాలో ఉన్నాయి. హెల్త్ క్యాంపులో చెవులు, కళ్లు చూపించి, ఆ తర్వాత క్లాసులో కూర్చోబెడితే వైద్యం, చదువు రెండూ కలిసి నడుస్తాయి. మంచం దిగలేనివాళ్లకు పాఠం వాళ్ల గది టీవీలో వచ్చేలా చేయండి. మతిమరుపు ముదిరినవాళ్లకు పాట, రంగులు, మట్టి పని. వాళ్లను లెక్కలోంచి తీసేయకండి.

విశ్వవిద్యాలయాల పెద్దలు ఈ ఉత్తరం చదివితే వారికీ ఒక మాట. పెద్దవాళ్ల కోసం యూనివర్సిటీ అనే ఆలోచన 1973లో ఫ్రాన్స్‌లోని తూలూజ్‌లో మొదలై ఎన్నో దేశాలకు పాకింది. పరీక్షలు లేవు, డిగ్రీలు లేవు, ఇష్టమైనది చదువుకోవడమే. మన వెంకటేశ్వర విశ్వవిద్యాలయంలో వయోజన విద్యకు విభాగం ఉంది, వృద్ధాప్యం మీద పరిశోధనకు మనస్తత్వ శాస్త్ర విభాగంలో ఒక కేంద్రమే నడిచింది. మమ్మల్ని ప్రశ్నావళి నింపేవాళ్లుగానే చూడకుండా విద్యార్థులుగా చేర్చుకోండి. వెనక బెంచీలో నలుగురికి చోటివ్వండి, ప్రాచ్య పరిశోధనా సంస్థలోని తాళపత్రాలు ఒక పూట చూపించండి. మీ పీజీ పిల్లల్ని మా దగ్గరికి పంపండి. ఎనభై ఏళ్ల మనిషికి అర్థమయ్యేలా పాఠం చెప్పగలిగిన పిల్లాడు ఎక్కడైనా చెప్పగలడు.

మళ్లీ యాజమాన్యాలకు. మేం కోరేది కొత్త బిల్డింగు కాదు. ఒక్కో కమ్యూనిటీలో అయిదుగురు నివాసులతో చదువు కమిటీ వేయండి, అందులో ఇద్దరైనా ఆడవాళ్లు ఉండాలి. మెయింటెనెన్స్ లెక్కలో చదువుకని ఒక పద్దు పెట్టి, అది ఎంతో, దేనికి ఖర్చయిందో నోటీసు బోర్డులో రాయండి. ఒక్క కమ్యూనిటీ వల్ల కాకపోతే రెండు మూడు కలిసి ఒకే టీచరును, ఒకే బస్సును పంచుకోండి. మూడు నెలల టైమ్‌టేబుల్ ముందుగా అచ్చువేసి ప్రతి గదికీ ఇవ్వండి.

మా దగ్గర ఎవరికి ఏం కావాలో పేర్లు రాసుకున్నాం. కీర్తనల అర్థాలు, కలంకారీ, ఇంగ్లీషు అక్షరాలు, ఫోను, చంద్రగిరి చరిత్ర. కలంకారీ కింద మొదటి పేరు ఆ లైన్‌మ్యాన్ గారిదే. కాగితం మేనేజర్ గారికి ఈ వారమే ఇస్తున్నాం. మిగతా కమ్యూనిటీల్లో ఉన్న అక్కలు, అన్నలు మీ దగ్గర కూడా ఇలాగే రాసి ఇవ్వండి. వచ్చే నెల మొదటి బుధవారం పదిన్నరకు హాలు తెరిపించి, మైకు, ఒక బోర్డు ఇప్పిస్తే మొదటి పాఠం నేను చెబుతాను.

ఇట్లు,
ఒక విశ్రాంత సైన్స్ ఉపాధ్యాయిని,
తిరుపతి